వాగు సుందరీకరణకు ముందు మోరీ సంగతి: మా పురపాలక సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక సంఘం పాలకవర్గ సభ్యులకు, కమిషనర్ గారికి, ఇంజినీరింగ్ విభాగం అధికారులకు,

నమస్కారం.

మన ఊరి వాగును సుందరీకరించాలని ఇటీవలి సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానించినట్టు పత్రికల జిల్లా పేజీలో చదివాను. వాగుకు రెండు వైపులా రాతి కట్టడం, దాని మీద నడకదారి, వరుసగా దీపాలు, పిల్లలకు ఆటసామాను, బైపాస్ వంతెన దగ్గర ఊరి పేరు ముందు ఎర్ర గుండె బొమ్మ పెట్టిన పెద్ద అక్షరాల బోర్డు వస్తాయని అందులో రాశారు. సాయంత్రం పూట నింపాదిగా నడవడానికి జాగా లేని ఊళ్లో ఇలాంటి ఆలోచన చేసినందుకు నేను తప్పుపట్టను. అయితే ఆ వార్తలో నడకదారి పొడవు ఉంది, దీపాల సంఖ్య ఉంది, అంచనా వ్యయం ఉంది. ఆ నడకదారి పక్కన పారబోయే నీళ్ల గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. ఆ లేని వాక్యం కోసమే ఈ లేఖ రాస్తున్నాను.

ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఉత్తర తెలంగాణలో గోదావరిలో కలిసే వాగుల ఒడ్డున మనలాంటి పట్టణాలు చాలా ఉన్నాయి; వాటిలో ఎవరు చదివినా ఇది తమ ఊరి సంగతే అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. పైగా ఇది ఏ ఒక్క అధికారి మీదా, ఏ ఒక్క పాలకవర్గం మీదా ఫిర్యాదు కాదు. ముప్పై ఏళ్లుగా ఊరంతా కలిసి చేసుకున్న పని ఇది. అందులో నా వంతు ఎంతో కూడా దాచకుండా చెబుతాను.

నేను ఇక్కడి డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ని. మొన్నటి ఏప్రిల్‌లో, పాత విద్యార్థులు ఇద్దరిని వెంటబెట్టుకుని, మూడు చోట్ల వాగు నీళ్లను సీసాల్లో పట్టాను. ఊరికి ఎగువన చెక్‌డ్యామ్ దగ్గర ఒకటి, ఊరి మోరీలన్నీ, అంటే మురుగు కాలువలన్నీ, కలిసిన తర్వాత బైపాస్ వంతెన కింద ఒకటి, అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు దిగువన రాళ్ల మీదుగా నీళ్లు జారే చోట ఒకటి. నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ తెలుసుకోవడానికి కళాశాలల్లో ఇప్పటికీ చేయించే పాత పరీక్ష ఒకటుంది. గాలి బుడగ లేకుండా సీసా నిండా నీళ్లు పట్టి, మాంగనీస్ సల్ఫేట్ ద్రావణం కొంచెం, క్షారం కలిపిన అయోడైడ్ ద్రావణం కొంచెం వేసి, గాజు బిరడా బిగించి తిప్పితే అడుగున అవక్షేపం దిగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే అది గోధుమ రంగులో ఉంటుంది. లేకపోతే తెల్లగా ఉంటుంది. లెక్క తేలాలంటే ఆ తర్వాత ఆమ్లం వేసి టైట్రేషన్ చేయాలి గాని, ఉందా లేదా అన్న ప్రశ్నకు ఆ రంగు ఒక్కటే చాలు.

చెక్‌డ్యామ్ దగ్గరి సీసాలో బెల్లం పాకం రంగు దిగింది. వంతెన కింది సీసాలో సున్నపు పాలలాగా తెల్లగా దిగింది. మా పిల్లల్లో ఒకడు నమ్మక, ద్రావణాలు పాడయ్యాయేమోనని ఇంకో సీసా పట్టాడు; అదీ తెల్లగానే దిగింది. నాలుగు కిలోమీటర్లు దిగువన పట్టిన సీసాలో మాత్రం పలచని ఛాయ్ రంగు కనిపించింది. వాగు పూర్తిగా చావలేదని, రాళ్ల మీద దూకుతూ గాలి కలుపుకుంటూ తనను తాను బాగుచేసుకునే ప్రయత్నం ఇంకా మానలేదని ఆ మూడో సీసా చెప్పింది. నేను ఈ లేఖ రాయడానికి ధైర్యం ఇచ్చింది కూడా అదే.

అక్కడిదాకా ఎలా వచ్చామో చూద్దాం. నా చిన్నతనంలో ఈ వాగు ఇసుకలో చెలిమ తీసి, మొదట ఊరిన బురద నీళ్లు తోడిపోసి, తేట తేరాక బిందెలు నింపుకునేవాళ్లు. ఎండాకాలంలో ఒక్కో బిందె కోసం గంటసేపు కూర్చోవాల్సి వచ్చేది. ఆ రోజుల్లో ఇంటి నుంచి మోరీలోకి పోయే నీళ్లే తక్కువ. పోయినవి కూడా పెరట్లో అరటిచెట్టు మొదట్లో ఇంకిపోయేవి. తర్వాత నల్లాలు వచ్చాయి, బోర్లు వచ్చాయి, చివరికి మిషన్ భగీరథ వచ్చింది. పురపాలక పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ఆ పథకం లక్ష్యం. బిందె కోసం గంటసేపు కూర్చున్న తరానికి అది ఎంత పెద్ద వరమో నాకు తెలుసు, మా అమ్మ బతికి ఉంటే ఆ నల్లాకు బొట్టు పెట్టేది. కానీ ఇంట్లోకి వచ్చిన నీళ్లలో దాదాపు ఎనభై శాతం మళ్లీ మురుగుగా బయటికి పోతాయని ఇంజినీర్లందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. నీళ్లు తెచ్చే పైపు మీద అందరం శ్రద్ధ పెట్టాం. అవే నీళ్లు వాడుక తర్వాత ఏ దారిన పోవాలో ఎవరమూ అడగలేదు. అంటే మనం సగం పథకమే కట్టుకున్నాం.

మన జనాభాను నలభై వేలుగా అనుకుంటే, ఆ లెక్క ప్రకారం రోజుకు దాదాపు 43 లక్షల లీటర్ల మురుగునీరు పుడుతుంది. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే రోజూ ఎనిమిది వందల అరవై ట్యాంకర్లకు పైగా కావాలి. సరఫరా అనుకున్నంత జరగని రోజుల్లో అందులో మూడో వంతు తగ్గించినా తక్కువేమీ కాదు. ఎండాకాలంలో చెక్‌డ్యామ్ మీద నీటి చుక్క దూకదు కాబట్టి, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వంతెన కింద పారేది వాగు కాదు, మన మోరీయే.

ఈ నీళ్లు నదికి ఏం చేస్తాయో ఒక చిన్న లెక్కతో చెబుతాను. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటాయి, తింటూ నీళ్లలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి. ఎంత పీల్చుకుంటాయో చెప్పే కొలతనే బీవోడీ అంటారు. ఇళ్ల నుంచి వచ్చే పచ్చి మురుగులో అది సాధారణంగా లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మన ఎండలకు వెచ్చబడిన స్వచ్ఛమైన నీళ్లలో కరిగి ఉండగల ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించదు. అంటే ఒక్క లీటరు మురుగు, ముప్పై లీటర్ల మంచి నీళ్ల ఊపిరిని తీసేయగలదు. స్నానానికి పనికొచ్చే నదీజలాల్లో బీవోడీ 3 మిల్లీగ్రాములకు మించకూడదని, ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదని ప్రమాణం ఉంది. వంతెన కింది తెల్ల సీసాను ఆ ప్రమాణం పక్కన పెట్టి చూడండి.

చేపలు పట్టేవాళ్లకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. పరకలు, చందమామలు వాగులో కనిపించి ఎన్నాళ్లయిందని అడిగితే వాళ్లు వేళ్ల మీద ఏళ్లు లెక్కబెట్టి చెబుతారు. మన రాష్ట్ర చేప కొర్రమీను నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి ఇంకొంత కాలం ఓర్చుకుంటుంది. మిగిలినవాటికి ఆ వీలు లేదు. తొలకరి వాన పడినప్పుడు ఎండాకాలమంతా వాగు అడుగున పేరుకున్న నల్లటి మడ్డి ఒక్కసారిగా లేచి దిగువకు పోతుంది. ఆ మర్నాడు పొద్దున దిగువ మడుగుల్లో చేపలు వెల్లకిలా తేలుతాయి. ఏటా ఎవరో మందు కలిపారని అనుకుంటాం, పోలీసులకు ఫిర్యాదు కూడా చేస్తాం. మందు కలిపింది మనమే, ఏడాదంతా కొద్దికొద్దిగా.

పోయిన సద్దుల బతుకమ్మ రోజు సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాగు ఒడ్డున వాసన భరించలేక, సిబ్బంది రెండు ప్లాస్టిక్ తొట్లు తెచ్చి నీళ్లు నింపి పెట్టారు. ఊరి ఆడవాళ్లు గంటలు గంటలు కూర్చుని తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలను, పక్కనే వాగు పారుతుండగా, తొట్లో వదలాల్సి వచ్చింది. వాళ్లలో ఒక పెద్దావిడ తొట్టి అంచు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. మీ సిబ్బంది ఆ రోజు చేసింది సాయమే, కాదనను. కానీ వాగు సుందరీకరణ ఎక్కడ మొదలు కావాలో ఆ తొట్లు చెప్పినంత స్పష్టంగా ఏ సమగ్ర నివేదికా చెప్పదు.

ఇక నా వంతు. మా ఇంటి సెప్టిక్ ట్యాంకు 2009లో కట్టించాను. దానికి ఇంకుడు గుంత తవ్వించలేదు. మేస్త్రీ చెప్పినట్టే బయటికి పోయే పైపును వీధి మోరీలో కలిపాను. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించాలని పుస్తకాల్లో చదివినవాణ్ని, పిల్లలకు చెప్పినవాణ్ని కూడా, ఇప్పటిదాకా తీయించింది ఒక్కసారి. మన ఊళ్లో చాలామంది 'మా ట్యాంకు పదిహేనేళ్లయినా నిండలేదు' అని గర్వంగా చెప్పుకుంటారు. నిండకపోవడం దాని గొప్పతనం కాదు. అడుగున మడ్డి నిండిపోయాక లోపల పడినది పడినట్టు పైపు గుండా మోరీలోకి పోతూ ఉంటుంది, అందుకే పొంగదు. స్వచ్ఛ భారత్ పుణ్యమా అని ఇంటింటికీ మరుగుదొడ్డి వచ్చింది, బహిరంగ మలవిసర్జన దాదాపు ఆగింది. బహిరంగంగా పోయేది ఇప్పుడు పైపులో పోతోంది, చేరేది మాత్రం పాత చోటికే.

ట్యాంకులు ఖాళీ చేసే వాహనాలు మన ఊళ్లో నడుస్తున్నాయి. ఒకరోజు తెల్లవారుజామున నడకకు వెళ్లి, ఒక వాహనం బైపాస్ వంతెన పక్కకు దిగి, లావుపాటి గొట్టం వాగులోకి వదలడం కళ్లారా చూశాను. సెప్టిక్ ట్యాంకు నుంచి తీసిన మడ్డి మామూలు మురుగుకన్నా ఎన్నో రెట్లు చిక్కనిది. అలాంటి ఒక్క ట్యాంకర్ వదిలితే ఒక వాడ వాడంతా ఒక రోజు వదిలిన మురుగుకు సమానం. కోపంతో దగ్గరికి వెళ్లి అడిగాను. డ్రైవరు కుర్రవాడు భయపడలేదు, తగువు పెట్టుకోలేదు. 'సార్, మరి ఏడ పొయ్యమంటరు? జాగ చూపెట్టుండ్రి, రేపటి సంది ఆడనే పోస్త' అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కమిషనర్ గారూ, ఆ ప్రశ్న నిజానికి నన్ను అడిగింది కాదు, అందుకే దాన్ని యథాతథంగా మీకు అందజేస్తున్నాను.

ఆ ఒక్క జాగా చూపించడానికి పెద్ద కర్మాగారం కూడా అవసరం లేదు. వాగుకు, బావులకు దూరంగా, నీటిమట్టం లోతుగా ఉన్న ప్రభుత్వ భూమిలో కందకాలు తవ్వి, మడ్డిని అందులో పోసి, మట్టి కప్పి, మీద చెట్లు పెంచే పద్ధతి చాలాచోట్ల తాత్కాలిక ఏర్పాటుగా వాడుతున్నారు. శాశ్వత ఏర్పాటుకు మన ముందు దారి వేసినవాళ్లున్నారు. మలవ్యర్థాల నిర్వహణకు 2016లోనే నిబంధనలు రాసుకున్న నగరం మన వరంగల్. దేశం మొత్తానికీ జాతీయ విధానం వచ్చింది ఆ మరుసటి ఏడాది. మహారాష్ట్రలో సతారా జిల్లాలోని వాయి మన కన్నా పెద్ద ఊరేమీ కాదు. కృష్ణానది పుట్టిన చోటికి చేరువలో, ఘాట్ల మధ్య, గుళ్ల మధ్య ఉంటుంది. ఎవరి ట్యాంకు పొంగితే వాళ్లు ఫోన్ చేసే పద్ధతి మానేసి, వార్డుల వారీగా ప్రతి ఇంటి ట్యాంకునూ మూడేళ్లకోసారి వరస తప్పకుండా ఖాళీ చేసే పద్ధతిని అక్కడ 2018లో మొదలుపెట్టారు. దానికయ్యే ఖర్చును ఆస్తిపన్నుతోపాటు చిన్న పారిశుధ్య పన్నుగా వసూలు చేస్తారు. ఆ నీళ్లే కింద మన జూరాలకు, శ్రీశైలానికి వస్తాయి. ఎగువన ఒక చిన్న ఊరు తన పని తాను చేసుకుంటే ఆ మేలు మనదాకా వస్తుందన్నమాట.

మనకూ దిగువన జనం ఉన్నారు. మన వాగు గోదావరిలో కలుస్తుంది, గోదావరి శ్రీపాద ఎల్లంపల్లికి చేరుతుంది, అక్కడి నుంచి 2015 చివర్లో మొదలైన పైపులైన్ల గుండా హైదరాబాద్ నల్లాలకు పోతుంది. హైదరాబాద్ నగరం వాడుకుని వదిలిన నీళ్లు మూసీలో పడి, కత్వల (చిన్న ఆనకట్టల) మీదుగా, పశువుల గడ్డి పెంచే పొలాల మీదుగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. మన మోరీ ఒకే ప్రయాణంలో రెండు నదులను పలకరించి వస్తోంది. దారిలో అది చాలా పలచబడుతుందన్నది నిజమే, నీటిశుద్ధి కేంద్రాలూ ఉంటాయి. కానీ ముడినీటిలో అమ్మోనియా పెరిగినకొద్దీ క్లోరిన్ ఎక్కువ పోయాల్సి వస్తుంది. మనం ఇక్కడ పెట్టని ఖర్చు అక్కడ ఎవరో పెడుతున్నారు. మనకు మంచినీళ్లు ఇచ్చే చోటికి ఎగువన కూడా మనలాంటి ఊళ్లున్నాయన్న సంగతి ఇక్కడ గుర్తుచేయడం నా ఉద్దేశం కాదు గాని, మీకు గుర్తొస్తే మంచిదే.

డబ్బు లేదని మీరు అనవచ్చు. ఆ మాట అన్న మొదటి మున్సిపాలిటీ మనది కాదు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం అనే పట్టణంలో ఒక వాడ జనం తమ ఇళ్ల ముందు పారే మురుగు మీద కోర్టుకు వెళ్తే, అక్కడి మున్సిపాలిటీ నిధులు లేవని సుప్రీంకోర్టు దాకా వాదించింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వాదనను తోసిపుచ్చారు. ప్రజల ఆరోగ్యం కాపాడటం చట్టం పెట్టిన బాధ్యత అయినప్పుడు ఖజానా ఖాళీగా ఉందన్నది సాకు కాలేదని ఆ తీర్పు సారాంశం. శుద్ధి చేయని మురుగును ప్రవాహాల్లో వదలకూడదని 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం చెబుతూనే ఉంది. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మురుగు శుద్ధి కేంద్రాలు కట్టుకోవడానికి స్థానిక సంస్థలకు మూడేళ్ల గడువు పెట్టింది. ఆ గడువు దాటిన చోట ఒక్కో కేంద్రానికి నెలకు పది లక్షల రూపాయల చొప్పున పరిహారం కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. ఈ చట్టాల జాబితా మీకు తెలియనిది కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను. నిధుల మాటకొస్తే, 2021లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశలో లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాల మురుగునీటి శుద్ధికే ప్రత్యేకంగా చోటుంది. మన 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంటుంది. ఆ మొక్కలకు రోజూ ట్యాంకర్లతో మంచినీళ్లు పోస్తున్నాం. శుద్ధి చేసిన మురుగునీళ్లు పోసి ఉంటే ఒక దెబ్బకు రెండు పిట్టలు పడేవి.

అయితే నా అసలు భయం డబ్బు దొరకదని కాదు, దొరికితే ఏం చేస్తామోనని. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రకటించిన లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతోంది. దాన్ని శుద్ధి చేయడానికి కట్టిన కేంద్రాల సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లు. నిజంగా శుద్ధి అయ్యేది 20,235 మిలియన్ లీటర్లు మాత్రమే. మొదటి రెండు అంకెల మధ్య తేడాను అందరూ చూపిస్తారు. నేను మిమ్మల్ని చూడమనేది చివరి రెండు అంకెల మధ్య తేడాను. అంటే కట్టి, రిబ్బన్ కత్తిరించి, కరెంటు బిల్లు కట్టలేకో, మోటారు కాలిపోతే బాగుచేసేవాళ్లు లేకో, అసలు మోరీ నీళ్లే అక్కడిదాకా చేరకో వట్టిగా పడి ఉన్న సామర్థ్యం అది. మన ఊరికి కూడా రేపు ఎవరో గాలి ఊదే పెద్ద మోటార్లున్న, కంప్యూటర్ తెరలున్న కేంద్రం ప్రతిపాదిస్తారు. స్థలం దొరకని మహానగరానికి అది సరైనదే. వీధిదీపాల కరెంటు బిల్లుకే డబ్బు వెతుక్కునే మనకు అది తగదని నా అభిప్రాయం.

మన దగ్గర మహానగరాలకు లేనివి రెండున్నాయి: భూమి, ఎండ. మురుగును వరసగా మూడు చెరువుల్లో నిలబెట్టి శుద్ధి చేసే పద్ధతి పాతది, పరీక్షకు నిలిచినది. మొదటిది లోతైన చెరువు. అందులో ఆక్సిజన్ అవసరం లేని సూక్ష్మజీవులు మడ్డిని జీర్ణం చేస్తాయి. రెండోది నాలుగైదు అడుగుల లోతు. ఎండలో పాచి పెరిగి, పగలంతా ఆక్సిజన్ వదులుతూ మిగిలిన పని చేస్తుంది. మూడోది ఇంకా తక్కువ లోతు. అక్కడ ఎండే రోగక్రిములను చంపుతుంది. మూడింటిలో కలిపి నీళ్లు రెండు మూడు వారాలు నిలవాలి. మోటారు దాదాపు అక్కర్లేదు. మనిషి మాత్రం తప్పక కావాలి: గట్ల మీద గడ్డి కోయాలి, తెట్టు తీయాలి, గుర్రపుడెక్క చేరకుండా చూడాలి, కొన్నేళ్లకోసారి మడ్డి తవ్వాలి. రోజుకు పది లక్షల లీటర్లకు రెండు నుంచి ఐదు ఎకరాల చొప్పున, మనకు దాదాపు తొమ్మిది నుంచి ఇరవై రెండు ఎకరాల దాకా కావాలి. చిన్న భూమి కాదని తెలుసు. కానీ ఊరు ఇంకా బైపాస్ దాటని ఇవాళ దొరికే భూమి, ప్లాట్లు వేసేశాక పదేళ్ల తర్వాత దొరకదు. దోమలు వస్తాయని, వాసన వస్తుందని చుట్టుపక్కల వాళ్లు అభ్యంతరం చెబుతారు. సరిగ్గా చూసుకోకపోతే వాళ్లు చెప్పిందే నిజమవుతుంది. అందుకే స్థలం ఎంపికకు ముందే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి.

భూగర్భ డ్రైనేజీ వచ్చేదాకా ఆగుదామన్న మాట కూడా వింటున్నాను. ఇరుకు సందుల్లో పైపులు వేసి, ఇంటింటికీ కలపడానికి ఎంత కాలం పడుతుందో పెద్ద నగరాలను చూస్తే తెలుస్తుంది. అప్పటిదాకా వాగు ఆగదు. మన మోరీలన్నీ చివరికి మూడు కల్వర్టుల దగ్గరే వాగులో కలుస్తున్నాయి. ఆ మూడు చోట్ల అడ్డుగోడ కట్టి, చెత్త పట్టే జాలీలు పెట్టి, వాన లేని రోజుల్లో పారే మురుగును గట్టు వెంట ఒకే పైపులో చెరువుల దాకా తీసుకుపోతే, ఒక్క వీధి తవ్వకుండానే వాగులో పడే భారం చాలావరకు తగ్గుతుంది. వర్షాకాలంలో వరద గోడ దాటి పోతుంది, అది తప్పదు. మీరు తలపెట్టిన నడకదారి కింద ఆ పైపుకు చోటు వదిలితే రెండు పనులూ ఒకే తవ్వకంలో అయిపోతాయి. నడకదారి కట్టేశాక గుర్తొస్తే దాన్ని పగలగొట్టడానికి మళ్లీ టెండరు పిలవాలి. అలాంటి టెండర్లు మన ఊరికి కొత్త కావు.

ఈ పనుల్లో మనుషుల ప్రాణాల మాట మరవకండి. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి గాని, మ్యాన్‌హోల్‌లోకి గాని దింపడం నేరం. అలా దిగి చనిపోయినవారి కుటుంబానికి ముప్పై లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. రేపు జాలీలకు చెత్త అడ్డుపడితే సఫాయి కార్మికుణ్ని నడుము లోతు మురుగులోకి దింపే అవసరం రాకుండా, పైనుంచే లాగే ఏర్పాటు నమూనాలోనే ఉండాలి.

నేను కోరేది ఇంతే. సుందరీకరణ పనికి టెండరు పిలిచే ముందు, ట్యాంకర్లు మడ్డి పోయడానికి ఒక జాగా ఖరారు చేసి, ఆ వాహనాలను నమోదు చేయించి, వాగులో పోసినవారికి జరిమానా వేయండి. జాగా చూపించకుండా జరిమానా వేస్తే ఆ కుర్రవాడికి మీరు జవాబు చెప్పినట్టు కాదు. మూడు కల్వర్టుల పనిని, గట్టు పైపును అదే అంచనాలో చేర్చండి. చెరువులకు భూమి గుర్తించే బాధ్యతను ఒక అధికారికి, ఒక తేదీతో అప్పగించండి. కట్టడానికి పెట్టే ఖర్చు పక్కనే, పదేళ్లు నడపడానికి ఏటా ఎంత కావాలో, అది ఏ పద్దు కింద వస్తుందో అదే తీర్మానంలో రాయండి. పారిశుధ్య పన్ను వేయాల్సి వస్తే వేయండి. మా వీధి తరఫున తిట్లు నేను పడతాను. కొత్త ఇంటికి అనుమతి ఇచ్చేటప్పుడు సెప్టిక్ ట్యాంకుకు ఇంకుడు గుంత ఉందో లేదో కాగితం మీద కాకుండా గుంత దగ్గరికి వెళ్లి చూడండి. నా ఇంటితో మొదలుపెట్టినా అభ్యంతరం లేదు, గుంతకు కొలతలు ఇప్పటికే తీయించాను.

ఇంకొక్కటి. వాగు నీళ్ల పరీక్ష ఫలితాలు నెలకోసారి కార్యాలయం గోడ మీద, జనన మరణ నమోదు కౌంటరు పక్కన, అందరికీ కనిపించేలా అంటించండి. దానికి ప్రయోగశాల లేదంటే, మా కళాశాల విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు అవుతుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం ఏడు గంటలకు నేను ఎలాగూ బైపాస్ వంతెన కింద ఉంటాను. సీసాలు, రెండు ద్రావణాలు, చేతికి తొడుక్కునే గ్లవ్స్ నేను తెస్తాను. మీలో ఎవరు వస్తే వాళ్లు తమ చేత్తోనే బిరడా బిగించి, రంగు దిగేదాకా ఒక ఐదు నిమిషాలు నాతో పాటు నిలబడితే చాలు.

ఇట్లు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
వాగు ఒడ్డు వాడ నివాసి, పన్ను చెల్లింపుదారు